స్లష్ తాగుటకు వయోపరిమితి సడలింపు

ఏడేళ్ల లోపు పిల్లలకు స్లష్ ఇవ్వని మొట్టమొదటి జిల్లాగా నంద్యాలను భారతదేశ చరిత్రలో నిలబెడతానని రాష్ట్ర శీతల పానీయాల ప్రోత్సాహక సంస్థ చైర్మన్ చెన్నకేశవులు గారు నంద్యాల ప్రెస్‌మీట్‌లో ప్రకటించిన రోజు, ఆయన వెనకాల వేలాడుతున్న ఫ్లెక్సీ నేను కొట్టిందే. పదహారడుగుల వెడల్పు. "పసిపిల్లల ప్రాణదాత" అని పెద్దక్షరాల్లో వేశాను. అప్పటికి ఆయన ఇంకా ఎవరి ప్రాణమూ కాపాడలేదు. అయినా ఫ్లెక్సీ ముందే కొట్టించడం మా పార్టీలో ఆనవాయితీ.

నా పేరు శేఖర్. ఆళ్లగడ్డలో ఫ్లెక్సీల షాపు నాది. మా బూత్‌కు పార్టీ కన్వీనర్‌ని కూడా. చైర్మన్ గారి మీద ఈమధ్య పేపర్లలో నానారకాలుగా రాస్తున్నారు కాబట్టి, దగ్గరుండి చూసినవాడిగా అసలు జరిగింది పాఠకులకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

స్లష్ అంటే తెలియనివాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల కోసం చెబుతున్నాను. అది ఐసు కాదు, నీళ్లూ కాదు. రెంటికీ మధ్యలో ఎటూ తేల్చుకోలేక ఆగిపోయిన రంగు పదార్థం. ఒక గాజు డబ్బాలో రోజంతా తిరుగుతూ ఉంటుంది. గ్లాసులోకి పట్టి లావుపాటి స్ట్రా వేసి ఇస్తారు. నీలం రంగుది తాగితే నాలుక నీలమైపోతుంది. మా ఆళ్లగడ్డ పిల్లల్లో నాలుక నీలంగా లేనివాడికి ఈ ఎండాకాలం మర్యాద లేదు.

మే నెలలో చైర్మన్ గారి మనవడి నాలుగో పుట్టినరోజు. దానికి నియోజకవర్గంలోని కార్యకర్తల పిల్లలందరినీ పిలవాలని, స్లష్ మిషన్ స్వయంగా ప్రారంభించాలని ఆయన అనుకున్నారు. ఆయనకు షుగర్ ఉంది. అందుకని మిషన్‌లో పోసే సిరప్పు కూడా షుగర్ ఫ్రీదే తెప్పించారు. తన ఆరోగ్యాన్ని, జనం ఆరోగ్యాన్ని వేరుగా చూసే మనిషి కాదు.

మిషన్ దిగిన మర్నాడే ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు భ్రమరాంబిక గారు నంద్యాల నుంచి వచ్చి, సిరప్పు క్యాను మీద ఉన్న చీటీ చదివి, రెండు పేజీల రిపోర్టు రాసిచ్చింది. చక్కెర వేసిన స్లష్ దానంతటదే మెత్తగా ఉంటుందట. చక్కెర లేనిది రాయిలా గడ్డకట్టకుండా ఉండాలంటే గ్లిజరిన్ కలుపుతారట. పెద్దవాళ్లకు అదేం చెయ్యదు. చిన్నపిల్లలకు మాత్రం ఒంట్లో చక్కెరను దించేస్తుంది. బిడ్డ మత్తుగా వాలిపోతుంది, పిలిస్తే పలకదు, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు. కాబట్టి ఏడేళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదు. ఇదీ రిపోర్టు. చైర్మన్ గారు చివరి వాక్యం ఒక్కటే చదివి, అప్పటికప్పుడు కారెక్కి నంద్యాల పోయి ప్రెస్‌మీట్ పెట్టారు. అంత వేగం మామూలు నాయకులకు రాదు.

మరుసటి పొద్దున ఆయన ఇంటి ముందు ఎనభై మంది కార్యకర్తలు కూర్చున్నారు. రుద్రవరం నుంచి సురేష్ అనే క్రియాశీల సభ్యుడు బైకు దిగీ దిగకముందే మొదలుపెట్టాడు.

"ఏందన్నా ఈ అన్యాయం? పన్నెండేండ్లుగా జెండా మోస్తాండా. నా కొడుక్కి ఐదేండ్లు. వానికి స్లష్ లేదంటివంట!"

"వయసు సాలదు సురేషూ. రూలు అట్ల ఉండాది."

"రూలు జనానికి గదన్నా! మనకు గూడానా?"

చైర్మన్ గారు కాసేపు మీసం దువ్వుకున్నారు. ఇంతలో నంద్యాల నుంచి ఫోను. ప్రతిపక్షం వాళ్లు రోడ్డు పక్కన టెంటు వేసి, మూడేళ్ల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, "స్లష్ మా జన్మహక్కు" అని ప్లకార్డులు పట్టించారట. నాకు ఆశ్చర్యం కలగలేదు, ఆ ప్లకార్డులు కొట్టింది కూడా నేనే. తాము అధికారంలోకి వస్తే పురిటి బిడ్డకు సైతం స్లష్ అందిస్తామని వాళ్ల నాయకుడు మాటిచ్చాడట.

చైర్మన్ గారు ఫోను పెట్టేసి లేచి నిలబడ్డారు. ఆయన లేచి నిలబడితే ఏదో ఒకటి జరుగుతుంది.

"ఒరే, గవర్నమెంటు ఉద్యోగానికి వయసు పరిమితి ఉండాదా లేదా?"

"ఉండాదన్నా," అన్నారు అందరూ.

"దానికి సడలింపు ఉండాదా లేదా?"

"ఉండాదన్నా!"

"మరి స్లష్‌కు యాల ఉండకూడదు?"

చప్పట్లు ఎంతసేపు మోగాయో నేను చూడలేదు, నేనూ కొడుతున్నాను కాబట్టి. సాయంత్రానికల్లా ఆయన పీఏ శివకుమార్ అధ్యక్షతన వయోపరిమితి సడలింపు కమిటీ ఏర్పడింది. సాధారణ సభ్యుల పిల్లలకు ఒక సంవత్సరం, క్రియాశీల సభ్యుల పిల్లలకు రెండు, బూత్ కన్వీనర్ల పిల్లలకు మూడు, మండల నాయకుల పిల్లలకు ఐదు సంవత్సరాల సడలింపు. సంజామల వైపు నాయకుడొకాయనకు అంతకు ముందు వారమే కూతురు పుట్టింది. ఆయన మొఖం మాడ్చుకుంటే, ఆ కేసును ప్రత్యేకంగా పరిశీలిస్తామని శివకుమార్ ఓదార్చాడు.

సంగతి తెలిసి భ్రమరాంబిక గారు పరుగున వచ్చింది.

"సార్, ఇది అర్హత కాదు. ప్రమాదం," అంది.

"నేననేదీ అదే గదమ్మా. ప్రమాదం ఎవురికి? ఏడేండ్ల లోపోళ్లకు. మేము వాళ్లని ఏడేండ్లోళ్లని చేస్తాండాం. ఇంగ ప్రమాదం యాడిది?"

"కాగితం మీద వయసు పెంచితే పిల్లల ఒంటికి తెలీదు సార్."

"మీరు పరిమితి పెట్టినారు, మేము సడలిస్తాండాం. మీరూ గవర్నమెంటే, మేమూ గవర్నమెంటే. మన్లో మనకు కొట్లాటేందమ్మా?"

ఆమె కుర్చీలో కూర్చుంది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఎదిగిన మనిషికి అక్షరాలు దిద్దించేంత ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టింది.

"పిల్లల పార్టీకి చల్లగా ఏదో ఒకటి ఉండాల్సిందే సార్, నేను కాదనను. కాచి చల్లార్చిన నీళ్లను గడ్డ కట్టించండి. శుభ్రంగా దంచండి. గ్లాసులో వేసి నన్నారి షర్బతు పోసి నిమ్మకాయ పిండండి. అదీ స్లష్షే. రెండేళ్ల బిడ్డయినా హాయిగా తాగుతుంది."

"దానికి మిషన్ ఉండాదా?"

"అక్కర్లేదు సార్."

"లైట్లు ఎలుగుతాయా?"

"వెలగవు."

"మరి నేను దేన్ని ప్రారంభించాలమ్మా? రోకలిబండనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చైర్మన్ గారు మాత్రం ఆమెను చిన్నబుచ్చలేదు. ఆమెను కూడా సడలింపు కమిటీలో సభ్యురాలిగా వేసుకున్నారు. ఆమె మినిట్స్ పుస్తకంలో "నేను ఒప్పుకోను, ఇది పిల్లల ప్రాణాలతో చెలగాటం" అని రాసి సంతకం పెట్టింది. దాని కింద శివకుమార్ "సభ్యురాలి విలువైన సూచనలు స్వీకరించడమైనది" అని రాశాడు.

నా కూతురు శ్రీవాణికి నాలుగేళ్ల రెండు నెలలు. బూత్ కన్వీనర్ కోటాలో నాకు మూడేళ్లు వచ్చాయి. సర్టిఫికెట్ మీద చైర్మన్ గారి ఫోటో, కింద "వెరసి ఏడు సంవత్సరాల రెండు నెలలు" అని ఉంది. ల్యామినేషన్ చేయించుకుని ఇంటికి తీసుకుపోయాను. నా భార్య నాగలక్ష్మి పిండి కలుపుతున్న చేత్తోనే దాన్ని అందుకుంది.

"ఏందిది?"

"మన పాపకు సడలింపు వచ్చిందే. అందరికీ రాదు."

ఆమె చదివింది. మళ్లీ చదివింది.

"ఐతే జూన్‌లో దీన్ని రెండో తరగతికి పంపిస్తామా?"

"అట్ల గాదు. ఇది స్లష్‌కు మాత్రమే చెల్లుతాది."

"దాని కడుపుకెట్ల తెలుస్తాది, స్లష్‌కు ఏడేండ్లని, అన్నానికి నాలుగేండ్లని?"

"నువ్వు ప్రతిదానికీ అడ్డం మాట్లాడతాండావ్."

"నేను అడ్డమే మాట్లాడతా. బిడ్డను తీసకపో, కేకు తినిపియ్యి, బెలూన్ ఇప్పియ్యి. ఆ నీలం నీళ్లు మటుకు దాని నోట్లో పడకూడదు. నాకు మాటియ్యి."

ఇచ్చాను. మాట ఇచ్చేటప్పుడు నిజంగానే నిలబెట్టుకోవాలనుకున్నాను. ఈ ఒక్క విషయంలో పాఠకులు నన్ను నమ్మాలి.

పుట్టినరోజు నాడు ఫంక్షన్ హాలు బయట ఎండ మండిపోతోంది. లోపల మిషన్ తిరుగుతోంది. చైర్మన్ గారు రిబ్బన్ కత్తిరించి, మొదటి గ్లాసు పట్టి, కెమెరాలకు చూపించి పక్కన పెట్టారు. కౌంటరు దగ్గర శివకుమార్ ఒక్కొక్క సర్టిఫికెట్ తీసుకుని లిస్టులో టిక్కు పెడుతున్నాడు. నిజం చెప్పాలి, అంత పకడ్బందీ తనిఖీ నేను ఎన్నికల్లో కూడా చూడలేదు. సర్టిఫికెట్ లేని ఆరేళ్ల పిల్లవాణ్ని ఒకణ్ని "నీకింకా వయసు రాలేదు నాయనా" అని వెనక్కి పంపించాడు. సడలింపు ఉన్న రెండేళ్ల బిడ్డను మాత్రం వాళ్ల నాయన ఎత్తి పట్టుకుంటే స్ట్రా నోటికి అందించాడు.

నేను పక్కనుంచి జారుకోబోతే శివకుమార్ ఆపాడు.

"శేఖరూ, యాడికి పోతాండావ్? పాపకు తాగియ్యవా?"

"జలుబు చేసిందన్నా."

"సడలింపు తీసుకోని తాగియ్యకపోతే ఏమనుకుంటారప్పా? చైర్మన్ గారి మీద నమ్మకం లేనట్ల గాదూ? రేప్పొద్దున టౌన్ కమిటీలో నీ పేరు చెప్పాలంటే నాకు నోరెట్ల వస్తాది?"

టౌన్ కమిటీ కోసం నేను ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాను. శ్రీవాణి అప్పటికే రెండు చేతులూ చాపి ఉంది. ఒక గ్లాసు అనుకున్నాను. అది అయిపోగానే "ఇంకోటి నాయనా" అంది. చైర్మన్ గారు దూరం నుంచే "బిడ్డకు రెండు గ్లాసులు! ఎవరూ మొహమాటపడొద్దు!" అని మైకులో చెప్పారు. శ్రీవాణి నాలుక బయటపెట్టి నాకు చూపించింది. నీలం. దాని సంతోషం చూస్తే నాకు నాగలక్ష్మి మీద కాస్త కోపం కూడా వచ్చింది.

చేతులు కడుక్కుందామని వెనకవైపు వంటశాలకు పోయాను. చైర్మన్ గారి భార్య రామేశ్వరమ్మ గారు స్వయంగా పీట వేసుకుని కూర్చుని, గుడ్డలో మూటగట్టిన ఐసు దంచుతున్నారు. పక్కన నన్నారి సీసా, నాలుగు నిమ్మకాయలు. పుట్టినరోజు బాబు ఆమె ఒళ్లో కూర్చుని వెండి గ్లాసుతో తాగుతున్నాడు.

"అమ్మా, బాబుకు ఆడ బ్లూది ఉంది గదమ్మా," అన్నాను.

"మా కోడలు డాక్టరు గదప్పా. ఆ మిషన్‌ది మా వోని నోటికి తగిలిస్తే మళ్ల ఈ గడప తొక్కనని పొద్దన్నే చెప్పేసింది. యాల వచ్చిన గొడవ అని ఇది చేస్తాండా."

"చైర్మన్ గారికి తెలుసా అమ్మా?"

"ఐసు తెప్పించింది ఆయప్పే."

చైర్మన్ గారి త్యాగం నాకు అప్పుడు అర్థమైంది. ఇంటిల్లిపాదికీ కావలసినంత స్లష్ చేతిలో ఉండి కూడా, సొంత మనవడి వాటా రెండు గ్లాసులు ప్రజల పిల్లలకు వదిలేశారు. ఈ మాట పైకి అనుకుంటూనే హాల్లోకి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తుతున్నానో నాకే సరిగ్గా తెలియదు.

హాల్లో చైర్మన్ గారి ప్రసంగం నడుస్తోంది. ముందు వరసల్లో పిల్లలు కూర్చున్నారు. గంట క్రితం బెలూన్ల కోసం కొట్టుకున్న పిల్లలు ఇప్పుడు ఒకరి మీద ఒకరు వాలి ఉన్నారు.

"చూడండి," అన్నారు చైర్మన్ గారు, చెయ్యి చాపి. "నా మీటింగుల్లో ఇంత నిశ్శబ్దంగా విన్న సభను నేనింతవరకు చూడలే. ఇదీ క్రమశిక్షణ! ఇదీ సురక్షిత స్లష్ మహిమ!"

పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను శ్రీవాణిని ఎత్తుకున్నాను. ఒళ్లు చల్లగా, చెమటతో తడిగా ఉంది. "శ్రీవాణీ" అన్నాను. "అమ్మా, బంగారూ, లెయ్యి" అన్నాను. బుగ్గ తట్టాను. తల వెనక్కి పడిపోయింది. ఆ తర్వాత చైర్మన్ గారు ఏం మాట్లాడారో నేను వినలేదు. క్షమించాలి, అంత మంచి ప్రసంగం మధ్యలో లేచిపోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఆస్పత్రి దగ్గరికి ఒక్కొక్కరుగా పదకొండు మంది తండ్రులం చేరాం. శివకుమార్ మాకంటే ముందే గేటు దగ్గరున్నాడు. కార్యకర్తకు కష్టమొస్తే ఆయన అలాగే ముందుంటాడు. అందరి దగ్గరా సర్టిఫికెట్లు తీసుకుని సంచిలో వేసుకున్నాడు.

"ఇవి నా తావ భద్రంగా ఉంటాయి. డాక్టరు అడిగితే వయసు ఏడు. తాగింది మజ్జిగ. ఎండదెబ్బ. అర్థమైందా? చైర్మన్ గారు దేశం మొత్తానికీ మాటిచ్చినారు. ఆ మాట పోకూడదు."

డ్యూటీ డాక్టరు ప్రేమ్ సాగర్ చిన్న వయసువాడు. రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు.

"వయసు?"

"ఏడు సార్."

"ఏం తాగాడు?"

"మజ్జిగ సార్."

"ఎండలో తిరిగాడా?"

"తిరిగినాడు సార్."

తర్వాతి తండ్రి. "ఏడు సార్. మజ్జిగ సార్." ఆ తర్వాత సురేష్. "ఏడు సార్. మజ్జిగ సార్." పది మంది పిల్లలు, పది ఏడులు. డాక్టరు తలెత్తి వాళ్ల మొఖాలు, మంచాల మీది పిల్లల్ని మార్చి మార్చి చూశాడు. ఎండదెబ్బ అని రాసి సెలైన్ పెట్టమన్నాడు. నా వంతు వచ్చింది. శివకుమార్ నా భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"పాప వయసు?"

ఏడు అనే మాట నా నాలుక చివర్న ఉంది. శ్రీవాణి పెదవులు తెల్లగా ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నాకు భయమేసింది. అంత భయం నాకు జీవితంలో ఎప్పుడూ వెయ్యలేదు.

"నాలుగు సార్," అన్నాను. "నాలుగేండ్ల రెండు నెలలు. స్లష్ తాగింది, రెండు గ్లాసులు. అందులో గ్లిజరిన్ ఉండాదంట. నేనే తాగిచ్చినా సార్."

శివకుమార్ భుజం మీది చెయ్యి తీసేశాడు.

డాక్టరు ఇంకేమీ అడగలేదు. వేలు గుచ్చి నెత్తురు చుక్క చిన్న మిషన్‌లో పెట్టాడు. అంకె చూసి "గ్లూకోజ్, వెంటనే!" అని గట్టిగా అరిచాడు. నర్సు పరిగెత్తింది. ఆ కొద్ది నిమిషాలు నేను దాని పాదాలు పట్టుకుని కూర్చున్నాను. నాగలక్ష్మికి ఏం చెప్పాలో ఆలోచించాను, ఏమీ తోచలేదు. చివరికి శ్రీవాణి కనురెప్పలు కదిలాయి. "నాయనా, అమ్మ యాడుంది?" అంది. నేను అందరి ముందూ బిగ్గరగా ఏడ్చాను.

"మిగతా పిల్లలందరికీ ఇప్పుడే షుగర్ చూడాలి," అంటూ డాక్టరు పక్క మంచం వైపు తిరిగాడు.

అప్పుడే చైర్మన్ గారు వచ్చారు. వెనక నాలుగు కెమెరాలు. శివకుమార్ డాక్టరుకు అడ్డం నిలబడి, సంచిలోంచి శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పాడు.

"ఒక్క రెండు నిమిషాలు సార్. సన్మానం అయిపోనీండి."

"పిల్లలకు చూడాలయ్యా!"

"చూద్దురు సార్. లైవ్ పోతాండాది."

చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఎండ తీవ్రత వల్ల పదకొండు మంది ఏడేళ్లు నిండిన చిన్నారులు అలసటకు గురైనారు. నేను ప్రకటించినట్టుగానే, నంద్యాల జిల్లాలో ఏడేళ్ల లోపు బిడ్డ ఒక్కరంటే ఒక్కరు కూడా..."

శివకుమార్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. చైర్మన్ గారు నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం లేదు, బాధ ఉంది.

"ఒకే ఒక్కరు," అన్నారు మైకులో. "అది కూడా నా పార్టీవాడే. సొంత కూతురు. నా మాటను, శాస్త్రాన్ని లెక్కచెయ్యక నాలుగేళ్ల బిడ్డకు స్లష్ తాగించినాడు. ఆఫీసరమ్మ యాడ?"

భ్రమరాంబిక గారు అప్పుడే ఆయాసంతో గుమ్మంలోకి వచ్చింది. మంచాల వైపు చూసి "సార్, ముందు ఆ పిల్లలు..." అంది.

"ముందు చట్టమమ్మా. రాయండి కేసు."

కెమెరాలు ఆమె మీదికి తిరిగాయి. ఆమె కాగితం తీసింది. "పాప వయసెంత?" అని నన్ను అడిగింది.

శివకుమార్ నా పక్కకు వంగి మెల్లగా అన్నాడు, "ఇంగా టైముండాది శేఖరూ. ఏడని చెప్పు. టౌన్ కమిటీ సంగతి నేను చూసుకుంటా."

"నాలుగు మేడమ్," అన్నాను.

ఆమె రాసింది. నేను సంతకం పెట్టాను. ఏడేళ్ల లోపు బిడ్డకు స్లష్ తాగించినవాడు జిల్లాలో రికార్డు ప్రకారం నేనొక్కణ్నే.

చట్టం ముందు తనవాడైనా పరాయివాడైనా ఒకటేనని చైర్మన్ గారు కెమెరాలకు చెప్పారు. మిగిలిన పది మంది తండ్రులు చప్పట్లు కొట్టారు. గది చిన్నది కావడంతో చప్పుడు బాగా మోగింది. శ్రీవాణి ఉలిక్కిపడి నా చొక్కా పట్టుకుంది. మిగతా మంచాల మీద పిల్లలెవరూ కదల్లేదు.